ఏడవకూడని ఇళ్లలో టీకాల ఉద్యోగం

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఏ తాలూకా హాయిగా ఉంటుంది, ఏ దొర మంచివాడు, బత్తా ఎప్పుడు చేతికొస్తుంది అని అడుగుతారు. నాకు తెలిసినంత చెబుతాను. అసలు అడగవలసిన సంగతి మాత్రం ఒక్కడూ అడగడు. అది అడగాలని వాళ్లకింకా తెలియదు. తెలిసే రోజు వస్తుంది. ఆ రోజు ఏదో గుమ్మం ముందు నిలబడి ఉంటారు. లోపలి నుంచి ఒక తల్లి వచ్చి, మొహంలోకి చూసి, "నా బిడ్డ ఏం పాపం చేసిందండీ?" అంటుంది. సర్కారు వాళ్లు మీకిచ్చే పుస్తకంలో దానికి జవాబు లేదు.

నా దగ్గరా లేదు. ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఏదో రహస్యం విప్పుతానని ఆశపడి చదవకండి. దేవుడి న్యాయం గురించి చెప్పడానికి మన దేశంలో చాలామంది ఉన్నారు. నేను టీకాలు వేసేవాణ్ణి. ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ల గురించీ, అది నా ఇంట్లోకే వచ్చి కూర్చున్న రోజుల గురించీ చెబుతాను. నా భార్య సూరమ్మ పోయి కొన్నేళ్లయింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు కాబట్టి కాగితం మీద మాట్లాడుతున్నాను అనుకోండి.

పని ఎలా ఉండేదంటే

ఇప్పుడు మీకు దూడల నుంచి తీసిన మందు గాజు గొట్టాల్లో వస్తోంది. గోదావరి మీద వంతెన పడింది కనక రైలెక్కి మరీ వస్తోంది. మా రోజుల్లో ఆ మందు పిల్లల చేతుల మీదే ప్రయాణం చేసేది. ఒక పిల్లకి టీకా వేస్తే ఎనిమిదో రోజుకి అక్కడ పొక్కు పొంగుతుంది. అందులో తేటగా ఉండే రసాన్ని సూది మొనతో తీసి ఇంకో పిల్ల జబ్బ మీద గీరి అంటించాలి. మళ్లీ ఎనిమిదో రోజు ఆ పిల్ల చేతి నుంచి మరొకరికి. పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకున్నట్టు ఊరి నుంచి ఊరికి అలా సాగాలి. నడుమ ఒక్క తల్లి ఒప్పుకోకపోతే నిప్పు ఆరిపోయినట్టే. మళ్లీ రాజమహేంద్రవరం నుంచి తెచ్చుకోవాలి, తెచ్చేలోపు సగం ఎండిపోయేది.

టీకా వేయించుకోవడానికి ఎలాగో ఒప్పుకునేవారు. నేను వీధి మలుపు తిరగ్గానే పేడనీళ్లతో కడిగేసేవారు, అది వేరే సంగతి. ఎనిమిదో రోజు వెళ్లి పొక్కులోంచి రసం తీసుకుంటానంటే మాత్రం తలుపులు ధడాల్న పడేవి. బిడ్డ ఒంట్లో సత్తువంతా లాగేసి ఊరందరికీ పంచుతానని వాళ్ల భయం. నేను వస్తున్నానంటే చాలు, పిల్లల్ని గడ్డివాముల వెనకా గాదెల్లోనూ దాచేవారు. ఒక ఇంట్లో గంప కింద దాచిన కుర్రాడు ఉండబట్టలేక తుమ్మాడు. వాళ్ల నాయనమ్మ నా వైపు చూసి, "కోడండీ" అంది. కోడి తుమ్మడం నేను అక్కడే విన్నాను.

నవ్వుకోవడానికి ఇలాంటివి కొన్ని ఉన్నాయి గాని, మొత్తం మీద ఒంటరి ఉద్యోగం. పెళ్లి భోజనాల రోజున ఊళ్లోకి వెళ్లినా నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. కాలవ గట్టు మీద అటుకులు తడుపుకుని తినేవాణ్ణి. పడవ ఎంత కిటకిటలాడినా నా పక్కన మాత్రం చోటు ఉండేది. నన్ను చూస్తే జబ్బు గుర్తొచ్చేది జనానికి. మీకూ ఇంతే. అలవాటు పడతారని చెప్పలేను, నేను పడలేదు.

అమ్మవారితో పేచీ పెట్టుకున్న ఇనస్పెక్టరు గారు

నేను మొదట రామచంద్రపురం వైపు పనిచేశాను. అప్పటి మా ఇనస్పెక్టరు బాగా చదువుకున్న మనిషి, గొంతు పెద్దది. వైసూరి, అదే మశూచి, వస్తే మన వైపు జబ్బు చేసిందనరు, అమ్మవారు పోసిందంటారు. ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మండేది. ఒక ఊళ్లో ముత్యాలమ్మ గుడి ముందు చెప్పులతో నిలబడి, "ఈ రాయి మీ పిల్లల్ని బతికిస్తుందిటయ్యా?" అని అరిచాడు.

జనం ఎదురు చెప్పలేదు. మునసబు గారు మాత్రం చేతులు కట్టుకుని, "పడవ సిద్ధంగా ఉందండి, తమరు దయచెయ్యండి" అన్నారు. అంత మర్యాదగా మమ్మల్ని ఇంకెవరూ తరిమెయ్యలేదు. ఆ తరువాత చాలా ఏళ్లు ఆ ఊళ్లో ఒక్క పిల్ల చెయ్యి కూడా మాకు దొరకలేదు. ఆయనకు బదిలీ అయింది, పై ఉద్యోగం కూడా వచ్చింది. ఊరికి మాత్రం టీకా రాలేదు.

అమ్మవారు పోసిన ఇల్లు ఎలా ఉంటుందో మీరు ముందుగా తెలుసుకోండి. గుమ్మానికి వేపరొట్ట కడతారు. ఇంట్లో తాళింపు చప్పుడు వినిపించదు. మంచంలో ఉన్న పిల్లని కూడా "తల్లీ, మీకేం కావాలి?" అని 'మీరు' అంటూ అడుగుతారు, ఎందుకంటే అప్పుడా ఒంట్లో ఉన్నది ఆవిడ. పిల్ల పోతే ఏడవకూడదు. ఏడిస్తే ఆవిడ తీసుకుపోయినందుకు తప్పుపట్టినట్టు. ఆవిడకు కోపం వస్తే ఇంట్లో మిగిలినవాళ్లని కూడా తీసుకుపోతుంది. అందుకని తల్లులు నోట్లో కొంగు కుక్కుకుని, పసుపునీళ్లు చల్లి, ఆవిణ్ణి చల్లగా సాగనంపుతారు. పిల్లలు పోయిన ఊరు అంత నిశ్శబ్దంగా ఉండటం ఎంత భయంగా ఉంటుందో చెప్పలేను. ఇదంతా మూఢత్వమని మీకు పాఠం చెబుతారు. నాకు కనిపించింది మాత్రం, మిగిలిన బిడ్డ కోసం గొంతు నొక్కేసుకున్న తల్లి.

రత్నం

నరసాపురం బదిలీ అయ్యాక మాకు రత్నం పుట్టింది. పెళ్లయిన చాలాకాలానికి పుట్టింది, ఆ తరువాత ఇంకెవరూ పుట్టలేదు. ఆ ఏడు ఆ వైపు ఏ తల్లీ ఎనిమిదో రోజు చెయ్యి చూపించలేదు. రసం ఆరిపోయే స్థితికి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో వైసూరి ఉంది. సూరమ్మ ఒళ్లో ఉన్న రత్నానికి నేనే టీకా వేశాను. ఎనిమిదో రోజు ఆ పిల్ల చేతి నుంచే రసం తీసి పల్లెలకు పట్టుకెళ్లాను. సూరమ్మ వద్దనలేదు. రసం తీస్తున్నంతసేపూ మొహం పక్కకి తిప్పుకుని, పిల్ల వేళ్లు పట్టుకుని కూర్చుంది.

టీకాల ఆయన సొంత కూతురి చేతి రసం అని తెలిశాక కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. అది చూసి, రత్నం కాస్త పెద్దదయ్యాక దగ్గర పల్లెలకు వెంట తీసుకెళ్లేవాణ్ణి. పడవ దిగగానే అదే చొక్కా చెయ్యి పైకి లాగి మచ్చలు చూపించేది. "చూశారా, నొప్పెట్టదు. కొంచెం పెడుతుంది" అనేది. ఆ రెండో మాట చెప్పవద్దని ఎంత బతిమాలినా వినేది కాదు. దాని మాటకే నవ్వి పిల్లల్ని ముందుకు తోసిన తల్లులున్నారు.

మొగల్తూరు దిగువన సముద్రం ఒడ్డున జాలర్ల గుడిసెలున్నాయి. అక్కడికీ తీసుకెళ్లాను. అక్కడ చిట్టెమ్మ అని ఒకావిడ, ఇద్దరు మగపిల్లలు, చంకలో ఒక ఆడపిల్ల. ఆ మగపిల్లలు రత్నంతో పొద్దుగూకేదాకా ఇసకలో ఆడుకున్నారు. టీకా మాట ఎత్తితే మాత్రం చిట్టెమ్మ దణ్ణం పెట్టేసింది. "మా పిల్లల్ని ముత్యాలమ్మ తల్లికి అప్పజెప్పానండి. ఏటా జాతర సేత్తాను. ఇప్పుడు సూదేయిత్తే ఆ తల్లిని నమ్మనట్టు గదండీ" అంది. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను.

మా ఇంటి గుమ్మానికి వేపరొట్ట

రత్నానికి ఆరో ఏడు నడుస్తుండగా నరసాపురంలో వైసూరి వచ్చింది. నేను ధైర్యంగానే ఉన్నాను. పిల్ల చేతి మీద మచ్చలు అంత బాగా ఉంటే ఇక భయమేముందనుకున్నాను. ఒకరోజు జ్వరం వచ్చింది. మూడోనాటికి నుదుటి మీద పొక్కులు కనిపించాయి. వాటిని ఊళ్లో అందరికంటే ముందు గుర్తుపట్టగలిగినవాణ్ణి నేనే. గుర్తుపట్టి, సూరమ్మకి చెప్పకుండా పెరట్లోకి వెళ్లి నూతి గట్టు పట్టుకుని నిలబడ్డాను.

టీకా పడినవాళ్లకి వైసూరి వచ్చినా తేలిగ్గా పోతుంది. అలా పోవడం నేను చాలాసార్లు చూశాను. మా పిల్లకి అలా పోలేదు.

పక్కింటి పిన్నిగారు మంచి మనిషి. మాకు పురుడు పోసింది ఆవిడే, వైసూరి ఉన్నన్నాళ్లూ గుమ్మం దగ్గర చలివేంద్రంలా చల్లనీళ్లూ మజ్జిగా పెట్టి వెళ్లిందీ ఆవిడే. పిల్ల పోయిన పూట సూరమ్మ నోరు తెరవబోతే ఆవిడ చటుక్కున చేత్తో మూసింది. "వద్దమ్మా, తల్లి ఇంకా గడపలోనే ఉంది" అంది. సూరమ్మ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. పసుపునీళ్లు చల్లారు, వేపరొట్ట తీసేశారు. ఇంట్లో నిశ్శబ్దం మాత్రం అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్లకి సూరమ్మ ఒక్క మాట అంది. అన్నం వడ్డిస్తూ, నా వైపు చూడకుండా అంది. "దాని ఒంట్లో ఉన్నదంతా ఊళ్లకి పంచిపెట్టారు. దానికేం మిగిలిందండీ?"

పల్లెల్లో తల్లులు నన్ను అడిగిన మాటే అది. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ సమాధానం ఉండేది, ఒక్క చుక్క తీస్తే పొక్కు మళ్లీ నిండుతుంది, బిడ్డకేమీ తగ్గదు అని. అది నిజం కూడా. సూరమ్మ ముందు ఆ మాట నోటికి రాలేదు. కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆ తరువాత ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరం మాట్లాడటం మానేశాం. ఉప్పు, నీళ్లు, తలుపు, అంతవరకే మాటలు.

ఇక ఓదార్చేవాళ్లు. పూర్వజన్మలో ఏదో చేసుకుని ఉంటుంది అన్నాడొకాయన. ఆయన పిల్లలు వీధిలో గోళీలాడుకుంటున్నారు. ఆ మాట చెప్పేవాళ్ల పిల్లలు ఎప్పుడూ ఎక్కడో ఆడుకుంటూనే ఉంటారు, నేను గమనించాను. దేవుడు మంచివాళ్లనే పరీక్షిస్తాడన్నాడు ఇంకొకాయన. ఆరేళ్ల పిల్లని మంచం మీద అలా పడేసి నన్ను పరీక్షించడమేమిటి? నన్ను పరీక్షించాలంటే నాకే పొయ్యవచ్చు కదా! నేను రోజూ స్నానం చేసి దీపం పెట్టుకునే మనిషిని. ఆ రోజు నుంచి దీపం మానేశాను. దేవుడు లేడనిపించి మానలేదు. ఉన్నాడు, విన్నాడు, ఊరుకున్నాడు అనిపించి మానేశాను. లేడనుకోగలిగితే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

దొర అడిగిన ప్రశ్న

టీకా పడిన పిల్ల పోతే పైకి తెలియజెయ్యాలి. రాజమహేంద్రవరంలో మా పెద్ద దొర నన్ను పిలిపించాడు. ఎదురుగా కుర్చీ వేయించాడు, అది ఎప్పుడూ జరగని విషయం. కొంతసేపు కలం తిప్పుతూ కూర్చుని, వచ్చీరాని తెలుగులో, "మచ్చలు ఎలా ఉండేను?" అన్నాడు.

లోతుగా, గుండ్రంగా, అంచులు స్పష్టంగా ఉండేవండి అని చెప్పాను. నా కూతురి చేతి గురించి ఒక ఉద్యోగి ఎలా చెప్పాలో అలాగే చెప్పాను. ఆయన తల ఊపి రాసుకున్నాడు. "ఇలా అరుదు. కాని జరుగును" అన్నాడు. తరువాత కలం పక్కన పెట్టి, కిటికీలోంచి ఏటి వైపున్న వాళ్ల సమాధుల దొడ్డి చూపించి, "నా పిల్లలు ఇద్దరు అక్కడ ఉన్నారు" అన్నాడు. ఎందుకు జరిగిందో తనకు తెలుసని మాత్రం ఆయన అనలేదు. నేను పనిచేసిన పైఅధికారుల్లో ఆయన్ని ఇప్పటికీ గౌరవంగా తలుచుకోవడానికి అదే కారణం.

ఆయనే మళ్లీ, "నీ రత్నం చేతి మందు వల్ల చాలా పిల్లలు బతికెను" అని కూడా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు అది ఓదార్పు కాలేదు. ఎవరెవరి పిల్లలో బతికారు, సంతోషమే. వాళ్లలో నా పిల్ల లేదు.

సెలవు కావాలా అని అడిగాడు. వద్దన్నాను. ఇంట్లో ఉండి ఏం చెయ్యను? మొగల్తూరు దిగువన వైసూరి గట్టిగా ఉంది, కొత్త రసం ఇచ్చి అక్కడికి వెళ్లమన్నాడు. సరేనన్నాను గాని, రత్నం పోయాక నేను సూది ముట్టుకోలేదు. ఇంకో పిల్ల జబ్బ పట్టుకుని ఏం చెప్పి వెయ్యను? నా కూతుర్ని చూడండి అని ఇక చెప్పలేను. నా కూతురు పోయిందని చెబితే ఎవరూ వేయించుకోరు. చెప్పకుండా వేస్తే వాళ్లని మోసం చేసినట్టే. వేస్తానా, ఉద్యోగం వదిలేస్తానా అనేది ఆ పడవలో కూర్చున్నంతసేపూ తేలలేదు.

చిట్టెమ్మ

నేను చెప్పే పని లేకుండానే వాళ్లకి తెలిసింది. కాలవల మీద పడవలకంటే కబుర్లు ముందు వెళతాయి. గుడిసెల దగ్గరికి వెళ్లేసరికి ఒక ముసలాయన ఎదురొచ్చి, "తవరి పాపే పోయిందంట గదండీ. ఇంకేం సూదండీ, ఎల్లిపోండి" అన్నాడు. కోపంగా అనలేదు, జాలిగా అన్నాడు. అదే ఎక్కువ కష్టంగా ఉంది. వెనక్కి తిరిగాను. నిజం చెప్పాలంటే, తిరగడానికి ఒక వంక దొరికిందని ప్రాణం కుదుటపడింది.

అప్పుడు ఆఖరి గుడిసెలోంచి చిట్టెమ్మ వచ్చింది. గుర్తుపట్టలేనంత చిక్కిపోయింది. గుమ్మానికి వేపరొట్ట వాడిపోయి ఉంది. పిల్లలిద్దరూ పోయారని అడక్కుండానే అర్థమైంది. చంకలో అప్పటి ఆడపిల్ల, పేరు నూకాలు, మూడేళ్లుంటాయి, ఇంకా ఒంటి మీద పొక్కేమీ లేదు. ఇంటాయన ఆ ఇంట్లో ఉండలేక వలలు తీసుకుని దూరం వెళ్లిపోయాడట.

"కూకోండి" అంది. ఎండలో పడవ నీడన కూర్చున్నాను. ఆవిడ కాస్త దూరంగా ఇసకలో కూలబడింది.

"తవరినొక మాట అడుగుతానండి. నేను ఆ తల్లిని నమ్మాను. జాతర సేశాను, ముడుపు కట్టాను, పిల్లలకి ముందెట్టకుండా ఆవిడకెట్టాను. మీ సూది వద్దన్నాను. నా బిడ్డలిద్దర్నీ తీసుకుపోయింది. తవరు సూదిని నమ్మారు. తవరి పాపనీ తీసుకుపోయింది. నమ్మినోళ్లకీ అంతే, నమ్మనోళ్లకీ అంతే. ఇదేం తీర్పండీ?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు హడలిపోయి, "ఊరుకోయే, ఇనబడద్దే" అన్నారు.

"ఇనబడాలనే అంటన్నాను" అంది చిట్టెమ్మ. "గట్టిగా ఏడవలేదు గదా, అడుగుతున్నాను. అడగ్గూడదని ఎవరూ సెప్పలేదు గదా."

నేను ఏం చెప్పాలి? పూర్వజన్మ అని చెప్పనా, పరీక్ష అని చెప్పనా? రెండూ నాకు చెప్పి చూశారు. "నాకు తెలీదు చిట్టెమ్మా. నేనూ అదే అడుగుతున్నాను. నాకూ ఎవరూ చెప్పలేదు" అన్నాను. రత్నం పోయాక ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆవిడ నూకాలుని ఒళ్లోకి సర్దుకుంది. తరువాత నెమ్మదిగా, బజారులో బేరం అడిగినట్టు అడిగింది. "నిజం సెప్పండి. సూదేసిన పిల్లలు ఎక్కువ పోయారా, ఎయ్యనోళ్లు ఎక్కువ పోయారా?"

"వెయ్యనివాళ్లే. చాలా ఎక్కువ. వేసినవాళ్లలో పోవడం ఎక్కడో ఒకటి. ఆ ఒకటి మా ఇంట్లో అయింది. నూకాలుకి వేస్తే తప్పకుండా బతుకుతుందని నేను చెప్పలేను. ఇప్పటికే లోపల పట్టుకుని ఉంటే కూడా చెప్పలేను. వెయ్యకపోవడం కంటే వెయ్యడం మంచిదని చెప్పగలను. అంతే."

"తవరి పాపకి మళ్లీ ఎయ్యాలంటే ఏత్తారా?"

అది నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. నూతి గట్టు దగ్గర నిలబడ్డ రోజు నుంచీ నాకు భయమంతా ఆ ప్రశ్న గురించేనని అప్పుడు తెలిసింది. "వేస్తాను" అన్నాను. ఇంకోసారి కూడా చెప్పాను.

చిట్టెమ్మ లేచి వచ్చి నూకాలుని నా ముందు కూర్చోబెట్టింది. "ఎయ్యండి" అంది. ఆడవాళ్లు మళ్లీ గోల పెట్టారు, తల్లికి కోపం వస్తుందని. చిట్టెమ్మ వాళ్ల వైపు తిరిగి, "ఆ తల్లికీ నాకూ తగువుంది. అది నేనూ ఆవిడా తేల్సుకుంటాం. నడుమ దీన్ని ఎందుకెట్టాలి?" అంది.

నాకు తెలిసిన పండితులు ఇంతకంటే శుభ్రంగా ఏమీ చెప్పలేదు. మీరు ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దేవుడితో మీకు పేచీ ఉండవచ్చు. నాకు ఇప్పటికీ ఉంది. పేచీ తేలేదాకా చెయ్యి ముడుచుకుని కూర్చోకండి. అది తేలదు.

సూది తీశాను. నూకాలు జబ్బ పట్టుకుంటే రత్నం జబ్బలాగే మెత్తగా ఉంది. చిట్టెమ్మ పిల్లని గట్టిగా పట్టుకుంది. టీకా వేశాను. ఆ తరువాత, చిట్టెమ్మను చూసి, ఇంకో ఇద్దరు తల్లులు వచ్చారు. మిగిలినవాళ్లు రాలేదు.

బయల్దేరుతుంటే చిట్టెమ్మ, "ఇంటికాడ అమ్మగోరు ఏడ్సారా అండీ?" అని అడిగింది.

"లేదు. ఏడవకూడదు కదా."

"అవునండి. నాకీ పిల్ల ఉంది. అందుకే నోరు కట్టేసుకున్నాను" అంది.

ఎనిమిదో రోజు మళ్లీ వెళ్లాను. పొక్కు చక్కగా పొంగింది. రసం తీసుకుంటానంటే చిట్టెమ్మ అడ్డు చెప్పలేదు. ఆ గుడిసెల్లో వైసూరి తగ్గేదాకా అటే తిరిగాను. నూకాలుకి ఏమీ రాలేదు. చివరిసారి వెళ్లినప్పుడు అది ఇసకలో ఎండ్రకాయల వెంట పరుగెడుతోంది. సంతోషించాను. వెంటనే, ఇది ఉంది గదా, నాది ఎందుకు లేదు అని ఓర్వలేకపోయాను. రెండూ నిజమే. ఇలాంటివి మీకూ వస్తాయి, వచ్చినప్పుడు చెడ్డవాణ్ణనుకుని కుమిలిపోకండి.

ఇంటికి వెళ్లాక

ఆ సాయంత్రం నరసాపురం చేరాను. సూరమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కాళ్లు కడుక్కుని, లోపలికి వెళ్లకుండా, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆవిడ చెరగడం ఆపలేదు.

"నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పలేదు సూరమ్మా" అన్నాను. "చేతి నుంచి రసం తీసినందువల్ల కాదు. ఒక్క చుక్క తీస్తే బిడ్డకేమీ తగ్గదు. అది నాకు తెలుసు. మరి ఎందుకు పోయిందో మాత్రం నాకు తెలియదు."

చేట ఆగింది.  నేను మొగల్తూరు దిగువన జాలర్ల గుడిసెల సంగతి చెప్పాను. చిట్టెమ్మ పిల్లలిద్దరి సంగతి, అమ్మవారిని ఆవిడ అడిగిన సంగతి, నూకాలుకి టీకా వేసిన సంగతి చెప్పాను.

"ఆ పిల్ల ఉందా?" అంది సూరమ్మ.

"ఉంది. పరుగెడుతోంది."

"పోన్లెండి" అంది. అంటూనే చేట ఒళ్లోంచి జారిపోయింది. బియ్యం వాకిలంతా పడ్డాయి. సూరమ్మ ఏడ్చింది. నెలల తరబడి లోపల అణిచిపెట్టిందంతా వీధి చివరిదాకా వినిపించేటట్టు, రత్నం పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నాకూ ఆగలేదు.

పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఊరుకోమ్మా, ఊరుకో. తల్లికి కోపం వస్తుందమ్మా" అంటూ నోరు మూయబోయింది.

సూరమ్మ ఆవిడ చెయ్యి మెల్లగా పక్కకి తీసింది.

"రానివ్వండి పిన్నిగారూ. మా ఇంట్లో ఆవిడ తీసుకుపోవడానికి ఇంకెవరున్నారు?"

పిన్నిగారు చెయ్యి వెనక్కి తీసుకుంది. గుమ్మం తలుపు దగ్గరగా వేసి వచ్చి, సూరమ్మ పక్కన ఆ బియ్యంలోనే కూర్చుంది.